నా వెనక ఊడ్చేది

తడి పాదం. తెల్లటి టైల్స్ మీద తడి పాదం.

స్నానాల గది నుంచి దేవుడి గూటి దాకా. గూటి నుంచి వంటింటికి. వంటింటి నుంచి వీధి గడప దాకా... నా అడుగులు. ముందు వేళ్ళు ఆరుతాయి. మడమ చివరికి ఆరుతుంది.

మా ఊరు అయిజలో ఎండకు అదెంతసేపు? నేను చెప్పులు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, బస్సు కోసం సందు మలుపు తిరిగేంతసేపు. ఆ కాస్తసేపైనా ఇంట్లో నా గుర్తు ఉండాలి కదా.

ఉండనివ్వదు.

మంచం కింద పచ్చకన్ను తెరుస్తుంది. గుర్రుమంటుంది. నల్లగా, గుండ్రంగా, అన్నం తినే పళ్ళెమంత — బయటికొస్తుంది. నా మొదటి అడుగు దగ్గర మొదలుపెట్టి చివరి అడుగు దాకా తుడిచేస్తుంది.

ఇల్లు ఊడ్చే రోబో అది.

నేను సవతి అంటాను. మా అత్త తాంబేలు అంటుంది. శివకుమార్ ఫోన్‌లో దానికి రాణి అని పేరు పెట్టుకున్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళలో నన్ను ఒక్కనాడు అలా పిలిచిన పాపాన పోలేదు.

శివకుమార్ నా మొగుడు. బజారులో పత్తి విత్తనాల దుకాణం. పోయిన వానాకాలం సంచులు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు దీన్ని బహుమానం ఇచ్చారు. చేను ఎవరిదో, పురుగు ఎవరికో, బహుమానం మాకు.

"ఇగ నీకు ఊకుడు బాధ లేదు," అన్నాడు డబ్బా విప్పుతూ. "నువ్వు దవాఖానకు పో. ఇల్లు గిది జూస్కుంటది."

నేను మానవపాడు దవాఖానలో నర్సును. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాను. నడుము నొప్పి ఉన్న మాట నిజం. ఆ రోజు నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు?

ఊడ్చే పని పోయింది. ఊడ్చేదానికి చాకిరీ చేసే పని వచ్చింది.

పత్తి పోగులు దాని నోట్లో పేరుకుంటాయి. తీయాలి. ఎర్రమట్టి దాని డబ్బాలో నిండుతుంది. వాకిట్లో దులపాలి, గాలి తిరిగి నా మీదికే కొడుతుంది. ఫిల్టరును అరుగు మీద తట్టాలి — గట్టిగా తడితే పాడవుతుందట, బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. తుడుపు గుడ్డ ఉతకాలి. దాని కళ్ళు పొడిగుడ్డతో తుడవాలి. మంచం కోళ్ళ మధ్య ఇరుక్కుంటే, దవాఖానలో ఉన్న నా ఫోన్‌కు కబురు పంపుతుంది. అక్కడి నుంచి నేనేం చేయను? అయినా పంపుతుంది.

అన్నిటికంటే వెంట్రుకలు.

బ్రష్షుకు చుట్టుకుని, బిగుసుకుని, ఉండ కట్టి ఉంటాయి. అన్నీ నావే. అత్తవి పొట్టిగా, తెల్లగా ఉంటాయి. ఇవి పొడుగు, నలుపు. ఆదివారం అరుగు మీద కూర్చుని, బ్లేడుతో కోసి, నా వెంట్రుకలు నేనే దాని నోట్లోంచి పీకుతాను. నా మీద దీనికి ఇంత కక్ష ఎందుకో అనుకునేదాన్ని.

లోపలి గడపలు ఎక్కలేకపోతోందని శివకుమార్ వడ్రంగిని పిలిపించాడు. ప్రతి గడపకూ రెండు వైపులా వాలుగా చెక్కలు కొట్టించాడు. అత్త మోకాళ్ళు పట్టేసి ఆ గడపల మీదే గోడ పట్టుకుని నడుస్తోంది, ఏడాదిగా. ఆమె కోసం ఒక్క మేకు కొట్టలేదు.

వీధి గడప మాత్రం మిగిలింది. టేకు గడప. ఎత్తుగా, పసుపుతో, కుంకుమ బొట్లతో. సవతి దాని దగ్గరికొచ్చి తల కొట్టుకుంటుంది. వెనక్కి పోతుంది. మళ్ళీ వచ్చి కొట్టుకుంటుంది. అది చూస్తే నాకు కడుపు చల్లగా ఉంటుంది.

అది ఆ గడప దాటలేదు... నేను దాటగలను.

*

మా అత్త జోగులమ్మ. ఆమెకూ నాకూ మొదటి తగాదా చీపురు దగ్గరే.

దీపం పెట్టాక ఊడవకూడదు. చీపురు నిలబెట్టకూడదు. తొక్కకూడదు. మనిషి ఊరికి బయలుదేరితే, ఆ మనిషి పొలిమేర దాటేదాకా ఇంట్లో ఎవరూ చీపురు ముట్టకూడదు. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడ్చేది ఒక్కసారే —

పీనుగ లేచాక.

శివకుమార్ తండ్రి పత్తి అమ్ముకోవడానికి రాయచూరు పోయినప్పుడల్లా, బండి చప్పుడు వినబడకుండా పోయేదాకా ఈమె చీపురు ముట్టేది కాదట. ఒకసారి ఇంట్లో పాలు ఒలికి చీమలు పట్టినా ముట్టలేదట. ఈ సంగతి నాకు చెప్పింది శివకుమారే. పెళ్ళైన కొత్తలో, నవ్వుతూ చెప్పాడు.

ఆ నవ్వు నాకు గుర్తుంది.

ఒక ఆదివారం నేను బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె నా పక్కన కూర్చోవడమే ఒక వింత.

"వీణా... ఒకటి జెప్త. జర మంచిగ ఇను."

"చెప్పు అత్తమ్మా."

"నా కొడుకు దుకాణంకు పోతె గిది లేవది. నేను గుడికి పోతె లేవది. నువ్వు గడప దాటి, సందు మల్గంగనె లేస్తది. దినాం జూస్తున్న. నువ్వు పోతెనే లేస్తది."

ఆమె గొంతు తగ్గించింది.

"మనిషి పోంగనె ఇల్లు ఊకుతరా బిడ్డా? పగోనికి గూడ గిట్ల జెయ్యరు. నిన్ను తిట్టుకుంటగని, నువ్వు సావాల్నని ఎన్నడన్న మొక్కిన్నా?"

మొక్కలేదు. తిట్టింది, అంతే. తిట్టడం వేరు, ఇది వేరు. ఇన్నేళ్ళ తర్వాత ఆ అరుగు మీద నాకు మా అత్త కాస్త అర్థమైంది.

మర్నాడు చూశాను. సందు మలుపులో పిండిగిర్ని ఉంది. గిర్ని దాటగానే ఫోన్ మోగింది. రాణి పని మొదలుపెట్టింది, అని కబురు. రోజూ వచ్చే కబురే. ఏదో ఒక టైముకు పెట్టి ఉంటాడులే అనుకునేదాన్ని.

వెనక్కి నడిచాను. రాణి తన చోటికి పోతోంది, అంది ఫోన్.

ముందుకు. పని మొదలుపెట్టింది.

వెనక్కి. తన చోటికి పోతోంది.

గిర్ని నడిపే నర్సమ్మ పిండి చేతులతో బయటికొచ్చింది. "ఏంది వీణమ్మా, అటిటు తిరుగుతున్నవ్? ఏమన్న పోయిందా?"

పోయింది, అన్నాను.

గిర్నికి ఇవతల నేను ఆ ఇంటి మనిషిని. అవతల కాదు. గీత అక్కడ గీసి పెట్టారు, ఇన్నాళ్ళూ నేను రోజూ దాన్ని దాటి బస్సెక్కుతున్నాను. మానవపాడు దాకా నిలబడే పోయాను. కూర్చోబుద్ధి కాలేదు.

వార్డులో మంచం ఖాళీ అయితే ఏం చేస్తామో నాకు తెలుసు. దుప్పటి తీస్తాం. కింద ఊడుస్తాం. ఫినాయిల్ వేసి తుడుస్తాం. పక్కమంచం మనిషి అటు తిరిగి పడుకుంటుంది. ఎన్నిసార్లు చేయించాను ఆ పని! చేయించిన ప్రతిసారీ తొందరపెట్టాను.

ఆ సాయంత్రం అడిగాను. శివకుమార్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"నీకే అడ్డం రావద్దని పెట్టిన," అన్నాడు. "నీ ఫోన్ బయటికి పోంగనె షురూ గావాలె, వాపస్ రాంగనె బంద్ గావాలె. నా ఫోన్‌కు పెడితె నేను పదిసార్లు వస్త, పోత. గిండ్ల ఏముంది?"

"మీ అమ్మ చెప్పేది తెల్వదా నీకు?"

"మిషన్‌కు పీన్గ తెలుస్తదా? నువ్వు నర్సువు... నువ్వు గూడనా?"

నవ్వాడు. పెళ్ళైన కొత్తలో నవ్విన నవ్వే. మారుస్తలే, అన్నాడు.

మార్చలేదు. మరిచాడో, మానేశాడో. దాని పెత్తనమంతా అతని ఫోన్‌లోనే ఉంది. నా ఫోన్‌కు దక్కింది కబుర్లు మాత్రమే.

అత్త ఊరుకోలేదు. కోడిపిల్లలను కప్పే గంప తెచ్చి దాని మీద కప్పింది. నేను గిర్ని దాటాను. అది గంపతో సహా లేచి ఇల్లంతా తిరిగింది. సాయంత్రం ఆ సంగతి చెబుతూ అత్త నవ్వింది, నేను నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఇద్దరం ఆగిపోయాం.

*

మిరుగు కార్తె వచ్చింది. మబ్బు పట్టింది. దుకాణం ముందు రైతులు చెట్టు కిందే పడుకుంటున్నారు, విత్తనాల సంచుల కోసం.

నాకు ఆర్డరు వచ్చింది. హెడ్ నర్సుగా, నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు. గది తీసుకుని అక్కడే ఉండాలి. ఆదివారాలు వచ్చి పోవాలి. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేను కోరుకున్నది ఇదొక్కటే. పోవాలి. వచ్చినప్పుడు ఇల్లు నాదిగానే ఉండాలి. రెండూ కావాలి నాకు. ఏం, అంత అత్యాశా?

"నాగర్‌కర్నూల్‌ల ఉంటవా?" అన్నాడు శివకుమార్. "ఇల్లెవరు జూస్తరు?"

"రాణి ఉన్నది గద."

అతని ముఖం నల్లబడింది. నాకు హాయిగా అనిపించింది — అంతలోనే పోయింది ఆ హాయి.

"పో. నువ్వు పోతె ఆగుతదా ఇల్లు? ఊకెటానికి అదుంది, వండెటానికి అమ్మ ఉంది. పో... నువ్వు పోయినంక ఇల్లంత శుభ్రమైతది."

శుభ్రమైతది.

కోపంలో అన్నాడేమో. మాట తప్పిపోయిందేమో. బండి చప్పుడు ఆగేదాకా చీపురు ముట్టని తల్లి కడుపున పుట్టినవాడు, ఏమంటున్నాడో తెలియకుండానే అన్నాడేమో.

తెలిసే అన్నాడేమో.

ఇది తేలకుండా నేను ఏ ఊరికీ పోలేను.

*

ఈ పొద్దున స్నానం చేశాను. కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు ఎక్కువే పోసుకున్నాను. తుడుచుకోలేదు.

గూటి దాకా నడిచాను. దేవుడికి దండం పెట్టి, ఫోన్ దీపం పక్కన పెట్టాను. వంటింటికి నడిచాను. వీధి గడప దాకా నడిచాను. తెల్లటి టైల్స్ మీద నా పాదాలు, ఒకదాని వెనక ఒకటి. మబ్బు కదా, తొందరగా ఆరవు.

లోపలి గదిలో శివకుమార్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. లోడు వస్తది, రేపటికి పక్కా వస్తది, అంటున్నాడు. బయటికి రాలేదు.

అత్త మంచం పక్కన చతికిలబడి ఉంది. రెండు చేతులూ రోబో మీద వేసింది.

"నువ్వు పో బిడ్డా. దీన్ని ఎల్లెల్కల పండవెడ్త. తాంబేలు తిరగబడితె ఎట్ల లేస్తదో జూస్త."

"వద్దు అత్తమ్మా. ముట్టకు. గట్లనే ఉండనియ్యి."

"నువ్వు పోంగనె లేస్తది గద!"

"లేవది. ఫోన్ గూట్ల పెట్టిన. అది నేను ఇంట్లనే ఉన్ననుకుంటది." చెప్పులు వేసుకున్నాను. "ఇగ ఇల్లు ఊకితె... నీ కొడుకే ఊకాలె."

అత్త నా ముఖంలోకి చూసింది. గూటి వైపు చూసింది. లోపలి గది వైపు చూసింది. దాని మీది నుంచి చేతులు మెల్లగా తీసేసుకుంది.

గడప దాటాను. వెనక చప్పుడు లేదు.

గిర్ని దాటాను. నర్సమ్మ చేయి ఊపింది. నా భుజాన సంచి మోగలేదు.

ఇప్పుడు బస్సులో ఉన్నాను. గద్వాల, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్. డ్రైవర్ ఇంజను వేసి టీ తాగడానికి దిగాడు. బస్సు వణుకుతోంది. గాలికి ఎర్రమట్టి లేచి కిటికీలోంచి నా ఒళ్ళో పడుతోంది. దులుపుకోలేదు.

ఈపాటికి అతను మాట ముగించి బయటికొచ్చి ఉంటాడు. నా అడుగులు చూసి ఉంటాడు. తల్లి ముఖం చూసి ఉంటాడు. ఊడవాలంటే జేబులోంచి ఫోన్ తీయాలి. రాణి పేరు వెతకాలి. తన వేలితో తాను నొక్కాలి. మిషన్ చేసిందనడానికి ఇక లేదు. మరిచాననడానికీ లేదు.

నొక్కుతాడా?

నొక్కాడేమో... నాకు కబురు రాదు. ఫోన్ గూట్లో ఉంది. మోగితే అత్త వింటుంది. అత్తకు చదువు రాదు, కానీ ఆ మోత తెలుసు.

బస్సు కదిలింది. పత్తి మార్కెట్ దాటింది. నా పక్కనున్న ఆమె ఏ ఊరికి పోతున్నవని అడిగింది. చెప్పాను. మల్ల ఎప్పుడొస్తవంది.

కిటికీలోంచి వెనక్కి చూశాను.

పొలిమేర ఇంకా రాలేదు. మబ్బు ఇంకా విడవలేదు. అక్కడ తెల్లటి టైల్స్ మీద వేళ్ళు ఆరిపోయి ఉంటాయి.

మడమ... ఇంకా తడిగానే ఉండాలి.