పెన్నుతో పెట్టిన గుర్తు

బహదూర్‌పురాలోని ఆ బస్తీ దవాఖానలో చిన్నపిల్లలను ఇద్దరు నర్సులు విడివిడిగా చూస్తారు. బరువు, చేతి చుట్టుకొలత, జుట్టు, చర్మం, తినే తిండి అన్నీ గమనించి, 'పోషణ చాలడం లేదు' అన్న గడిలో అవునో కాదో గుర్తు పెడతారు. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఇద్దరూ అవునంటేనే బిడ్డ పేరు జాబితాకు ఎక్కుతుంది. వారం వారం పౌష్టికాహారం, డాక్టరు చూపు అందుతాయి. లేకపోతే లేదు.

అందరూ పెన్సిలుతోనే నింపుతారు. పర్యవేక్షకుడు అమరనాథ్ బల్ల మీద ఎప్పుడూ ఒక రబ్బరు ఉంటుంది. వానాకాలం నుంచి నర్సు సుజన ఒక్కతే పెన్ను వాడుతోంది.

"ఇదేంది సుజనా?" అమరనాథ్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "రశ్మి కాదన్నది, నువ్వు అవునన్నవ్. పద్నాలుగు నెలల పోరడు, ఎనిమిది కిలోల రెండు వందలున్నడు. తక్కువ బరువు గీత ఎనిమిది కిలోల నూరే కదా?"

"అవు సార్. గీత కంటే మీదనే ఉన్నడు."

"మరి?"

"అయినా నా గుర్తు గదే."

"తేడాలు ఎక్కువొస్తే పైనోళ్లు నన్ను అడుగుతరు, నిన్ను కాదు. కొత్త కాగితం తీస్కో, రశ్మిది చూసి రాయి. లొల్లి ఖతం."

పోయిన చలికాలం పురానాపూల్ నుంచి అలీనా అనే పాప వచ్చింది. అప్పుడూ గుర్తులు కలవలేదు. సుజన రబ్బరు అందుకుని తన 'అవును' గుర్తు చెరిపేసింది. కాగితం మీద మచ్చ కూడా మిగల్లేదు. వానలు పడేలోపే ఆ పాప పోయింది. సుజన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె కొత్త కాగితం తీసుకోలేదు. లేచి, బెంచీ మీద మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మహబూబ్ బీ దగ్గరికి వెళ్లింది.

"ఏమైంది బేటీ? మా సాకిబ్ ఫెయిలైండా?"

"నీ మనవడు కాదు దాదీ, మా తరాజు ఫెయిలైంది. ఇందాక నాకు చెప్పినవ్ కదా, కడియం ముచ్చట. సార్‌కు గూడ చెప్పు."

"ఏమున్నది చెప్పెటందుకు? రంజాన్‌ల ఏసిన. అప్పుడు బిగుతుగ ఉండె. ఇప్పుడు చూడు." ముసలామె పిల్లవాడి కాలి వెండి కడియాన్ని పైకి నెట్టింది. అది పిక్క దాటి మోకాలి దాకా పోయింది. "చాయ్‌ల బిస్కట్ తప్ప ఏం ముడ్తలేడు."

"కడియం ముచ్చట కాగితంల లేదు కదా," అన్నాడు వెనకాలే వచ్చిన అమరనాథ్.

"కాగితంల లేదు సార్. కాలుకున్నది."

సుజన పిల్లవాడి ఒంటిని మరోసారి చూసింది. చేతులకూ కాళ్లకూ కడియాలు, నడుముకు లావుపాటి వెండి గొలుసు, మెడలో ఒకే దారానికి గుత్తిగా ఏడు తాయెత్తులు, దర్గా తావీజులు. అన్నిటితోనే రశ్మి తూచింది. తనూ అట్లాగే తూచింది. ఆ బస్తీలో పిల్లల ఒంటి మీది నగ తీయమని ఏ నర్సూ అడగదు.

"ఇవన్నీ తీసి మల్ల తూద్దామా దాదీ?"

"కడియాలు తీయి, గొలుసు తీయి. తావీజులు మాత్రం నై. రెండేండ్లు నిండేదాక ఒంటి మీదికెల్లి తీయనని దర్గాల మొక్కిన."

అమరనాథ్ నవ్వాడు. "అయిపాయె. ఇగ తూచినట్లే."

సుజన నవ్వలేదు. కడియాలు, గొలుసు తీసి, పిల్లవాణ్ణి తరాజు మీద కూర్చోబెట్టి, తావీజుల గుత్తిని ముసలామె వేళ్లకు అందించింది. "దారం మెడలనే ఉండనీ. గుత్తి పైకి పట్టుకో, అంతే. మొక్కు చెడదు."

మహబూబ్ బీ గుత్తిని గాలిలోకి ఎత్తి పట్టింది. దారం వదులుగా వేలాడింది. సాకిబ్ దాన్ని అందుకోబోయి, అందక ఊరుకున్నాడు.

ఏడు కిలోల తొమ్మిది వందల నలభై.

"రూల్ ప్రకారం రెండోసారి తూచొద్దు," అమరనాథ్ గొంతు పెంచాడు.

"మొదటిసారి తూచింది వెండిని సార్. పోరన్ని ఇప్పుడే తూచినం."

"ఇగో సుజనా, నీ మీద రాయాల్సొస్తది."

"రాయుండ్రి. పెన్నుతోని రాయుండ్రి."

అవతలి బల్ల దగ్గర రెండో నర్సు రశ్మి లేచి నిలబడింది. "ముందే చెప్తే పాయె కదక్కా!"

"చెప్పొద్దని రూల్ కదనే. ఇప్పుడు గూడ నా అంకె నమ్మకు. నువ్వే తూచు, నువ్వే చూడు." సుజన గోడ వైపు తిరిగి నిలబడింది. గోడ మీద సున్నం పెచ్చులుగా లేచింది. ఆమె దాన్నే చూస్తూ ఉంది.

వెనకనుంచి మహబూబ్ బీ మూలిగింది. "చెయ్యి గుంజుతున్నది బేటీ. దించాల్నా?"

"ఇంకొక్కసారి పట్టుకో దాదీ."

తరాజు కిర్రుమంది. పిల్లవాడు ఏడవలేదు. కడియం కాలికి ఎక్కించి దించి చూస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత పెన్సిలు బల్ల మీద పెట్టేసిన చప్పుడు.

"సార్," అంది రశ్మి, "మీ దగ్గర పెన్నున్నదా?"