శనివారం ఆరింటిదాకా

ఆ క్లబ్బులో కోచ్‌లు నిలవరు. నిలవరంటే నిలవరు, అంతే. పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి రెండేళ్ళలో ముగ్గురు వచ్చారు. మొదటాయన అరుపుల సార్. ఆయన గొంతుకి పక్క వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. వెళ్తూ వెళ్తూ ఐదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుపోయాడు. తర్వాత పరుగుల మేడమ్. నెల్లాళ్ళు బంతి ముట్టుకోనివ్వకుండా పరిగెత్తించింది. పిల్లలు ఆవిడకి అలవాటు పడ్డారో లేదో, పెద్ద క్లబ్బు పిలిచిందంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వెనక నలుగురు పోయారు. మూడో ఆయన గీతల సార్. మైదానం నిండా సున్నంతో గీతలు గీసి, ఎవరి గీత మీద వాళ్ళని నిలబెట్టేవాడు. పిల్లలు మొదట నవ్వుకున్నారు. తర్వాత గెలవడం మొదలుపెట్టారు.

ఈ రాకపోకలన్నిటికీ సాక్షి ఒకావిడ. పగలు మందుల షాపు కౌంటర్లో నిలబడుతుంది, సాయంత్రం ఈ జట్టుకి మేనేజరు. బంతులు, జెర్సీలు, ఆటగాళ్ళ కార్డులు, హాజరు అన్నీ ఆవిడ చేతి మీదే నడవాలి. ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక లిస్టు ఉంటుంది కాబట్టి పిల్లలు లిస్టక్క అని పేరు పెట్టారు. గోల్‌కీపరు ఒక్కతే పెద్దమ్మా అంటుంది. చెల్లెలి కూతురు మరి. చెల్లెలిది ఆసుపత్రిలో షిఫ్టుల ఉద్యోగం, పిల్ల సగం పెరిగింది పెద్దమ్మ ఒళ్ళోనే. దాన్ని జట్టులో అందరూ గోలీ అంటారు.

మంగళవారం మధ్యాహ్నం గీతల సార్ సామాన్ల గదికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. లిస్టక్క గుండెలో రాయి పడింది.

"మానేస్తున్నానక్కా."

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచే. సోమవారం కొత్త క్లబ్బులో చేరాలి."

"మరి పిల్లలకి చెప్పారా?"

"మీరే చెప్పండి. వాళ్ళ మొహాలు చూస్తే నేను వెళ్ళలేను."

ఏం మనిషండీ! చావుకబురు చల్లగా చెప్పేవాళ్ళని చూశాం గానీ, ఆ చల్లటి కబురు కూడా ఇంకొకరి చేత చెప్పించేవాణ్ణి ఏమనాలి? లిస్టక్కకి ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఆయన ఒక కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది గోలీకి. మా కొత్త క్లబ్బులో దానికి చోటుంది. అక్కడ గోల్‌కీపర్లకని వేరే కోచ్ ఉన్నాడు. దాని చేతుల్లో ఉన్న విద్యకి అలాంటివాడు కావాలక్కా, నాకు వచ్చినంత చెప్పేశాను. శనివారం సాయంత్రం ఆరింటిలోపు సంతకం పెడితే చాలు. రూలు తెలుసుగా, నేను పిల్లలతోగానీ వాళ్ళ పెద్దవాళ్ళతోగానీ సూటిగా మాట్లాడకూడదు. మేనేజరు ద్వారానే అడగాలి."

రూలు ఆవిడకి తెలియకపోవడమేమిటి. శనివారం ఆరింటికి లీగ్ ఆఫీసులో అన్ని క్లబ్బుల లిస్టులూ మూసేస్తారు. ఆ తర్వాత ఈ ఏడాది ఏ పిల్లా క్లబ్బు మారడానికి వీల్లేదు. పదకొండు పేర్లు లేని జట్టుని అసలు లీగ్‌లోంచే కొట్టేస్తారు. ఈ జట్టులో మిగిలింది పన్నెండు మంది. గోలీ కదిలితే దాని వెనకే దాని ప్రాణస్నేహితురాలు కెప్టెన్ కదులుతుంది. కెప్టెన్ కదిలితే ఇంకో ఇద్దరు. అప్పుడు జట్టూ లేదు, గిట్టూ లేదు. మిగిలిన ఎనిమిది మందీ ఇళ్ళకి పోయి కిటికీలోంచి వీధి చూసుకోవాలి.

నాలుగున్నరకి పిల్లలు వచ్చారు. బూట్ల లేసులు కట్టుకుంటూ, "సార్ ఏరి?" అంది కెప్టెన్.

చెప్పేద్దామనే లిస్టక్క నోరు తెరిచింది. ఇది దేవుడి మీద ఒట్టు. కానీ పన్నెండు మొహాలూ ఒక్కసారి తన వైపు తిరిగేసరికి, ఆ పన్నెండూ ఎనిమిదిలా కనబడ్డాయి.

"సార్‌కి జ్వరం," అనేసింది.

మందుల షాపులో పదిహేనేళ్ళ అనుభవం. జ్వరం గురించి అబద్ధం చెప్పాలంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. వైరల్ అంది, వారం పడుతుందంది, గొంతు పూర్తిగా పోయింది కాబట్టి ఎవరూ ఫోన్లు చెయ్యొద్దంది. ఏం చెయ్యాలో సార్ తనకి మెసేజ్ పెడతారని కూడా చెప్పింది. రేపు నిజం చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఎప్పుడొచ్చిందని!

బుధవారం, సార్ వదిలేసి వెళ్ళిన నోటుపుస్తకంలో రెండు పేజీలు ఫోన్లోకి ఎక్కించుకుని, సార్ పంపిన మెసేజ్ అని గట్టిగా చదివింది. పిల్లలు బుద్ధిగా గీతల మీద నిలబడ్డారు. బంతి ఎటు తంతే ఎటు వెళ్తుందో కూడా ఆవిడకి సరిగ్గా తెలీదు, కానీ చదవడం వచ్చుగా. గురువారం గోలీ వచ్చి నిలదీసింది.

"పెద్దమ్మా, సార్‌ని ఒకటి అడగవా? కుడి పక్క మూల నుంచి కార్నర్ కొట్టినప్పుడు నేను బంతికి ఎదురెళ్ళాలా, గోల్ దగ్గరే ఉండాలా?"

లిస్టక్క పక్కకి వెళ్ళి నోటుపుస్తకం తిరగేసింది. కార్నర్ అన్న మాట ఎక్కడా కనబడలేదు. పిల్ల గ్లౌజులు చేతిలో పట్టుకుని ఎదురుచూస్తోంది. ఎదురెళ్ళడమంటే ధైర్యంగా ఉంటుంది కదా అనిపించింది ఆవిడకి. నిండా మునిగినవాళ్ళకి చలేమిటి?

"ఎదురెళ్ళమన్నారు," అని చెప్పింది.

గోలీ ఆ సాయంత్రమంతా ఎదురెళ్తూనే ఉంది. పాతికసార్లు, ముప్ఫైసార్లు. మోచేతులు దోక్కుపోయినా మానలేదు. సార్ చెప్పారంటే దానికి వేదం.

శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక పన్నెండు మందీ సంతకాలు చేసిన అట్టముక్క ఒకటి తెచ్చిచ్చారు. త్వరగా కోలుకోండి సార్, ఆదివారం మీకోసం గెలుస్తాం అని రాసుంది. కింద కాళ్ళూ చేతులూ కర్రపుల్లల్లా ఉన్న మనిషి బొమ్మ, చుట్టూ గీతలు. "ఇంటికెళ్ళి ఇచ్చెయ్ పెద్దమ్మా," అంది గోలీ. లిస్టక్క దాన్ని సామాన్ల గది సొరుగులో, కవరు పక్కనే పెట్టి తాళం వేసింది. తాళం వేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తాళం మళ్ళీ తియ్యలేదు.

శనివారం మధ్యాహ్నం చెల్లెలు షాపుకి వచ్చింది. డ్యూటీ దిగి వస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గోలీ మోచేతులకి మందు కావాలంది. మందు తీసుకుని కూడా కదలకుండా నిలబడింది.

"అక్కా, దానికి నిద్రలో కూడా బంతేనే. ఇంకా బాగా నేర్పేచోటు ఎక్కడైనా ఉంటే చూడవే. నాకేం తెలుసు, దాని సంగతంతా నీ చేతుల్లో పెట్టేశాను."

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. ఇంకా నాలుగున్నర గంటల టైముంది. సొరుగు తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంది. ఒక్కమాట చాలు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది ఆవిడ ప్రాణం. ఒక పక్క చెల్లెలి పిల్ల, ఇంకో పక్క పదకొండు మంది పరాయి పిల్లలు. కానీ వాళ్ళు మాత్రం పరాయివాళ్ళెలా అయ్యారు? ఒక్కొక్కరి బూటు సైజు కూడా తనకి నోటికొచ్చు.

"చూస్తాలే," అంది.

చెల్లెలు ఆ మాట నమ్మి ఇంటికెళ్ళి పడుకుంది. ఐదూ నలభైకి లిస్టక్క లీగ్ ఆఫీసు మెట్లెక్కింది. గుమాస్తా పేర్లు చదివి, పన్నెండు అని గొణిగి, ముద్ర కొట్టాడు. బయటికొచ్చి ఆఫీసు గోడకి చేరబడి నిలబడింది. ఆరు దాటేదాకా అక్కడే ఉంది. జట్టు బతికింది. ఏడుపొచ్చింది.

ఆదివారం మ్యాచ్ ఎవరితోనో ఆవిడకి ముందే తెలుసు. సార్ కొత్త క్లబ్బుతోనే. కానీ ఆయన చేరేది సోమవారం కదా, మ్యాచ్ అయిన వెంటనే పిల్లల్ని కూర్చోబెట్టి అంతా చెప్పేద్దాం, గెలిస్తే మరీ తేలిగ్గా చెప్పొచ్చు అని లెక్కేసుకుంది. లిస్టులు రాసేవాళ్ళ జబ్బే ఇది. అన్నీ తాము రాసుకున్నట్టే జరుగుతాయనుకుంటారు.

ఆయన ఆదివారమే వచ్చాడు. అవతలి జట్టు నీలం చొక్కా వేసుకుని, వాళ్ళ సంచులు మోసుకుంటూ గేట్లోంచి లోపలికొచ్చాడు.

ముందు చూసింది గోలీయే. దానికి నీలం చొక్కా కనబడలేదు, సార్ ఒక్కడే కనబడ్డాడు. "సార్!" అంటూ పరిగెత్తింది. లిస్టక్క కూడా వెనకే పరిగెత్తింది గానీ, ఆ పిల్ల వేగం ఈవిడకెక్కడిది?

"జ్వరం తగ్గిందా సార్? మీరు చెప్పినట్టే చేస్తున్నాను. కుడి పక్క కార్నర్‌కి ఎదురెళ్ళడం వచ్చేసింది!"

గీతల సార్ సంచి కింద పెట్టాడు. "జ్వరమేంటి? నేనెప్పుడు చెప్పానమ్మా ఎదురెళ్ళమని? నీ ఎత్తుకి గోల్ దగ్గరే ఉండాలి. ఎదురెళ్తే బంతి నీ తలమీంచి పోదూ?"

అని, పిల్ల వెనక రొప్పుతూ ఆగిన లిస్టక్క వైపు చూశాడు. ఆయన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమేం కాదు. కానీ ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

"నిన్న ఆరింటిదాకా మా కొత్త క్లబ్బు ఆఫీసులో కూర్చున్నానక్కా," అన్నాడు మెల్లగా. "మీరు కవరు ఇచ్చే ఉంటారు, పిల్లే వద్దనుకుందనుకున్నాను."

"ఏం కవరు?" అంది గోలీ.

అంతలోనే రెఫరీ ఈల వేసి జట్ల కార్డులు తెమ్మన్నాడు. లిస్టక్క కార్డులిచ్చింది. హడావుడిలో రెండు కింద పడితే, కెప్టెన్ వంగి తీసిచ్చింది. ఆ పిల్లా అంతా విన్నది.

ఆ మ్యాచ్ గురించి చెప్పుకోకపోవడమే మంచిది. కుడి పక్క నుంచి మొదటి కార్నర్ రాగానే గోలీ ఒక అడుగు ముందుకేసి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకేసింది. ఎవరి మాట వినాలో దాని కాళ్ళకి తెలియలేదు. బంతి తలమీంచి వెళ్ళి వలలో పడింది. అలాంటివి మూడు పడ్డాయి. అవతల గీతల సార్ ఒక్కదానికీ చప్పట్లు కొట్టలేదు. చెయ్యాల్సిందంతా చేసి ఇప్పుడు సిగ్గుపడితే ఎవడిక్కావాలి?

మ్యాచ్ అయ్యాక క్లబ్బు ప్రెసిడెంటు వచ్చాడు. టైల్స్ వ్యాపారం ఆయనది, మనిషి కూడా నున్నగా మాట్లాడతాడు. ఎవరు చెప్పారో గానీ ఆయనకి అప్పటికే మొత్తం తెలిసిపోయింది. తిడతాడనుకుంది లిస్టక్క. తిడితే బావుండునని కూడా అనుకుంది.

"శభాష్ అమ్మా!" అన్నాడాయన. "ఓడితే ఓడారు, పన్నెండు మందినీ నిలబెట్టావు. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు ఈ ఉపాయం. వచ్చే నెల మగపిల్లల లిస్టులు మూస్తారు కదా, వాళ్ళ కోచ్‌లిద్దరూ కూడా వెళ్ళిపోతున్నారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ సంగతి కూడా నువ్వే ఇలాగే చూసుకో."

లిస్టక్కకి తప్పు చేశానని మంగళవారం నుంచీ తెలుసు. అది ఒక పద్ధతి అయిపోతుందని మాత్రం అనుకోలేదు. ఆయనకి జవాబు చెప్పకుండానే సామాన్ల గదికి వెళ్ళి, సొరుగు తెరిచి, కవరూ అట్టముక్కా తీసుకుని పిల్లల గదిలోకి వెళ్ళింది.

పన్నెండు మందీ బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. మంగళవారం సార్ వచ్చిన దగ్గర్నుంచి, తనకి తోచినట్టు చెప్పిన ఆ కార్నర్ మాటతో సహా, ఇప్పుడు ప్రెసిడెంటు అన్న మాట దాకా ఒక్కటీ దాచలేదు. మగపిల్లలకి రేపే చెప్పేస్తానంది. అట్టముక్క బెంచీ మీద పెట్టింది, కవరు గోలీ చేతికిచ్చింది.

గోలీ కవరు చింపి ఉత్తరం రెండుసార్లు చదువుకుంది. చివర్లో ఉన్న శనివారం తేదీ దగ్గర దాని వేలు ఆగింది.

"అప్పుడే ఇచ్చుంటే వెళ్ళిపోయేదానివి కదూ?" అంది లిస్టక్క. కాదంటుందని ఆశ. ఆ ఆశ ఎందుకో ఆవిడకే తెలీదు.

"వెళ్ళేదాన్ని," అంది గోలీ తడుముకోకుండా. పక్కన కెప్టెన్ తల దించుకుంది. "కానీ అందరికీ చెప్పి వెళ్ళేదాన్ని పెద్దమ్మా. నీకు అందరికంటే ముందు చెప్పేదాన్ని."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, వంగి, బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టింది. తడికి ముడి బిగిసిపోయింది. లిస్టక్క సాయం చెయ్యబోతే, కాలు పక్కకి జరుపుకుంది.