పొద్దుటి గాలి

మంచు ఇంకా విడవలేదు. ముత్యాలయ్య మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. అతని భార్య సామ్రాజ్యం ఒక చేత్తో వీపు నిమురుతూ, ఇంకో చేత్తో తలుపు సందులో తడిగుడ్డ కుక్కుతోంది. ఎంత కుక్కినా పొగ వస్తూనే ఉంది.

కాలువకు పడమట చేపల పిండి ఫ్యాక్టరీ. తూర్పున ఇసుక దిబ్బలు. మధ్య పల్లంలో ఊరు. చలికాలం రాత్రిళ్లు గాలి నేల మీది నుంచి సముద్రం వైపు కదిలీ కదలనట్టు కదులుతుంది. అది మోసుకొచ్చిన ఫ్యాక్టరీ పొగ దిబ్బల దగ్గర ఆగిపోతుంది, మంచు దాని మీద మూతలా కూర్చుంటుంది. ఎండ ముదిరితేగానీ లేవదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే మాత్రం పొగంతా కాలువ దాటి అవతలి పొలాల మీదికి పోతుంది, ఊరు కడిగినట్టుంటుంది. గాలి కొలిచే సార్లు ఎప్పుడొచ్చినా మధ్యాహ్నమే వస్తారు. దారిలో కోట ఊళ్లో భోజనం చేసి మరీ వస్తారు. ఏం మర్యాదో మరి!

ఊరి పెద్దకాపు పోలయ్య ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సామ్రాజ్యం, గాలి కొలిచే ఆయన ఈ పొద్దు వస్తుండాడు. నిన్న దురాయి పెట్టినాం, విన్నావు గదా. పొగ మాట ఎవురూ ఎత్తకూడదు. మీ ఆయన్ని లోపల పెట్టి తలుపెయ్యి. దగ్గు బైటికి ఇనపడకూడదు."

"తలుపేస్తే దగ్గు ఆగతాదా పెద్దకాపూ?"

"ఆగకపోతే నోట్లో గుడ్డ పెట్టు" అనేసి, తన మాటకు తానే నొచ్చుకున్నట్టు తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

దురాయి అంటే ఊరి పెద్దల కట్టు. మీరిన ఇంటితో ఎవరూ మాట్లాడరు. నిప్పివ్వరు, నీళ్లివ్వరు. ఆ ఇంటి మగవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. పోలయ్య చెడ్డవాడని కాదు. వలలో పడే చిన్నాచితకా చేపంతా కొనేది ఆ ఫ్యాక్టరీయే. అది మూతపడితే పడవల్లో డీజిలు పోసేవాడు లేడు. పోలయ్య మనవరాలికీ పొద్దున్నే ఆయాసం. ఆ పిల్ల దగ్గూ తలుపు వెనకే.

సామ్రాజ్యం కొడుకు పెంచల్ వల భుజాన వేసుకుని వచ్చాడు. "అమ్మా, నీకు దండం పెడతా, గమ్మునుండు. నన్ను పడవలోంచి దించేస్తే మనం యాడికి పోవాల?"

"మీ నాయన్ని చూడరా."

"రోజూ చూస్తానే ఉండానమ్మా!" అన్నాడు.

సామ్రాజ్యం తలుపేసి, వలల చావిడి ముందు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఎండు నెత్తళ్ల చేపలు తిరగేయసాగింది.

మధ్యాహ్నం జీపు దిగిన గాలి కొలిచే అధికారి సుశీల్ కుమార్ చావిడి ముందు తన గాలిపెట్టె నిలబెట్టాడు. సముద్రపు గాలి చల్లగా, హాయిగా వీస్తోంది.

"గాలి బాగానే ఉందే. ఏమ్మా, పొగతో ఇబ్బందేమైనా ఉందా?"

ఆడవాళ్లు చేపల మీది నుంచి తల ఎత్తలేదు.

"అట్టాంటిదేం లేదు సార్" అన్నాడు పోలయ్య.

అంతలో సామ్రాజ్యం ఇంట్లోంచి దగ్గు తెర వచ్చింది. వచ్చి, సగంలో టక్కున ఆగిపోయింది.

ఆమె పరుగెత్తి తలుపు తోసింది. ముత్యాలయ్య తువ్వాలు ముద్ద చేసి తనే నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు నీళ్లతో నిండిపోయి, తప్పు చేసినవాడిలా భార్య వైపు చూశాడు. సామ్రాజ్యానికి ఒళ్లు మండిపోయింది. ఊరి మీద, ఫ్యాక్టరీ మీద, తలుపేసిన తన చేతుల మీద. గుడ్డ పీకి అవతల పారేసి, మంచం తలకొస పట్టుకుని, మనిషితో సహా బయటికి ఈడ్చింది.

"ఏమ్మే! దురాయి!" అరిచాడు పోలయ్య.

"పెట్టుకో పెద్దకాపూ! ఇన్నేళ్లూ ఊరి మాట కాదన్లేదు. ఈయన నోట్లో గుడ్డ పెట్టడం నావల్ల కాదు."

మంచం గాలిపెట్టె పక్కనే దించింది. "సార్, ఈ గాలి సముద్రానిది. మేం పీల్చేది పొద్దున వస్తాది. ఈ రేత్రికి ఈడనే ఉండండి. అది కొలవండి."

"మాకు పగలు కొలవమనే ఆర్డరమ్మా" అన్నాడతను, ఆమె మొహం చూడకుండా.

సామ్రాజ్యం పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు తమ చేపలు తట్టల్లోకి ఎత్తుకుని ఒక్కొక్కరే లేచిపోయారు. పెంచల్ రేవులో నిలబడి ఉన్నాడు. తల్లి దగ్గరికి రాలేదు, పడవా ఎక్కలేదు.

పొద్దు వాలింది. సముద్రపు గాలి పడిపోయింది. కాలువ అవతల పొగ కాసేపు నిటారుగా లేచి, మెల్లగా ఊరి వైపు ఒరగడం మొదలుపెట్టింది.

"టైమవుతోందమ్మా, చెయ్యి తీయండి" అన్నాడు సుశీల్ కుమార్.

సామ్రాజ్యం తీయలేదు.