కిష్టయ్య ఊ అంటేనే కోత

కొల్లాపూర్ పక్క మామిడితోటల్లో ఏ చెట్టు మీద చెయ్యి పడాలన్నా కిష్టయ్య ఊ అనాలి. ముప్పై ఏళ్లుగా ఆయనా, ఆజం సేటూ కలిసి తోటలు గుత్తకు పట్టి గుత్తులు కోస్తున్నారు. ఆజం నోటితో బేరం చేసి నోట్లు తెస్తాడు. కిష్టయ్యది ముక్కు వ్యాపారం. తొడిమె దగ్గర వాసన చూసి, ఇది రేపు, అది ఎల్లుండి అని తేల్చేస్తాడు. కాయల సంగతి అంత తెలిసిన మనిషికి కాయం సంగతే తెలియలేదు. నడుం నొప్పి అనుకున్నది ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ అని బయటపడేసరికి, ఇక తగ్గేది కాదు, ఇంటి దగ్గరే సుఖంగా చూసుకోండని పట్నం డాక్టర్లు పంపేశారు.

‘సుఖంగా’ అన్న మాట వినడానికి బాగానే ఉంది. నొప్పి వినాలి కదా!

అప్పటి నుంచి ప్రతి గురువారం నాగర్‌కర్నూల్ ఆసుపత్రి నుంచి ఇలాంటి రోగుల కోసం ఓ బండి వస్తోంది. దాని మీద పాలియేటివ్ కేర్ అని రాసి ఉంటే, మొదటిరోజు ఒకావిడ పాల బండి అనుకుని చెంబు పట్టుకొచ్చింది. ఇప్పుడు ఊరంతా నొప్పిబండి అంటున్నారు. అందులో వచ్చే నర్సు పద్మజ నాలుగు గంటలకొకటి చొప్పున వారానికి సరిపడా నొప్పి మాత్రలిచ్చి వెళుతుంది.

కిష్టయ్యకు మిగిలిన కోరిక ఒక్కటే. ఈ ఏడు కూడా తొలి కోత నాడు తోటలో ఉండాలి. దానికింక వారమే ఉంది.

ఆ గురువారం పద్మజ వచ్చేసరికి ఆయన మంచం మీద కట్టెలా బిగుసుకుని ఉన్నాడు. నుదుటి నిండా చెమట.

“ఎట్లున్నది పెద్దయ్యా?”

“బ్రహ్మాండం బిడ్డా.”

“బ్రహ్మాండమైతే పళ్లెందుకు కొరుకుతున్నవ్?”

భార్య రాధమ్మ అందుకుంది. “ఒక్కటే మూలుగుడు సిస్టరమ్మా. టైముకు గోలీ చేతిల పెడుతనే ఉన్న. జర గూడ తగ్గుత లేదు.”

మాత్ర పనిచేయకపోతే డాక్టరునడిగి మోతాదు పెంచాలి. పద్మజ ఫోన్ తీసింది. నంబరు నొక్కేలోపు, ఆయన మెడ వంకరగా ఉందని దిండు సర్దబోయింది. దిండు కింద కాగితం పొట్లం. విప్పితే ముప్పై ఒక్క మాత్రలు! ఇచ్చినవన్నీ చేతిలోకి తీసుకున్నాడు గానీ, మాత్ర మాత్రం మింగలేదన్నమాట. మరీ ఓర్చుకోలేనప్పుడు ఒకటి వేసుకుని, తక్కినవి కూడబెట్టాడు.

“ఇదేంది పెద్దయ్యా?”

“కోత నాటికి దాస్తున్న. ఆ పొద్దు నాలుగైదు ఒక్కసారే ఏసుకుంటె దినమంత నిలబడొచ్చు. ఇప్పటి సంది మింగితె ఒళ్లు అలవాటువడి, ఆ దినం పన్జెయ్యకుంటె?”

పద్మజ పొట్లం గబుక్కున మూసేసింది. “నాలుగైదు ఒక్కసారి మింగితె నిలబడుడు కాదు, మత్తుల పడిపోతవ్. ఊపిరి గూడ ఆగొచ్చు. ఒళ్లు అలవాటు పడితె డాక్టరమ్మ మోతాదు పెంచుతది. గా ఫికరు మాకిడువు.”

“మీరు గట్లనే అంటరు.” కిష్టయ్య గోడవైపు తిరిగాడు. ఆ తిరగడానికే నిమిషం పట్టింది.

కోత సంగతి అడుగుదామని వచ్చిన ఆజం గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. విని, ఇల్లదిరేలా నవ్వాడు.

“కిష్టన్నా! పోయినేడు పక్క తోటోణ్ని ఏమని తిట్టినవో యాదికున్నదా?”

“మస్తుమందిని తిట్టిన. ఎవణ్ని?”

“నెల దినాలు చెట్లు ఎండవెట్టి, కోత ముంగట ఒక్కసారే మోటరు ఇడిసిండు సూడు. కాయలు పలిగి రాలిపాయె. ‘దినాం ఇంతింత తాపాలె గానీ, గిట్ల వరద పెడ్తర్రా బేవకూఫ్’ అంటివి. మన చెట్లకేమో డ్రిప్పు పెట్టి సుక్క సుక్క తాపుతవ్. నీ ఒంటికేమో ఎండవెట్టి మోటరు ఇడుస్తవా?”

రాధమ్మ నవ్వు దాచుకోడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిష్టయ్య నవ్వలేదు. మెల్లగా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. నర్సు మాట గెలవలేని మనిషిని ఆయన పాత తిట్టే గెలిచింది.

“ఎన్ని గంటలకొకటి బిడ్డా?” అని చెయ్యి చాపాడు.

ఆజం తన ఫోన్‌లో నాలుగు గంటలకోసారి అలారం పెట్టుకున్నాడు. అది మోగితే చాలు, ఎంత బేరంలో ఉన్నా రాధమ్మకు ఫోన్ చేసి “వదినా, డ్రిప్పు!” అని మార్కెట్టంతా వినపడేలా అరిచేవాడు. మూడోనాటికి కిష్టయ్య కంటినిండా నిద్రపోయాడు. నాలుగోనాడు పాలలో నానిన జొన్నరొట్టె తిన్నాడు. ఐదోనాడు పప్పులో ఉప్పెక్కువైందని కేకలేశాడు. ఆ కేకలకు రాధమ్మ సంతోషంతో ఏడ్చింది.

గురువారం ఆటోలో పరుపు పరిచి ఆయన్ని తోటకు తెచ్చారు. ఆ దారిలో నొప్పిబండి పట్టక, పద్మజ దిగి నడిచి వచ్చింది. కాయలు తెంపే వలగడలు భుజానేసుకుని ఇరవైమంది కూలీలు నిలబడ్డారు. ట్రాక్టరు సిద్ధంగా ఉంది.

నులకమంచం మీద కూర్చుని, కిష్టయ్య బకెట్ నిండా నీళ్లు, వరుసకో కాయ తెమ్మన్నాడు. మునిగితే ముదిరినట్టు, తేలితే లేతన్నట్టు. మొదటి మూడు వరుసల కాయలు బుడుంగున మునిగాయి. నాలుగోది తేలింది. ఆ తర్వాతవన్నీ తేలాయి.

“మూడు వరుసలు కొయ్యుండ్రి. తక్కినయి వారం ఆగాలె.”

“వారమా?” ఆజం నెత్తి పట్టుకున్నాడు. “గింతమందిని పిలిపిచ్చిన! ఇంకోపాలి తోటకు రానీకె ఎత్తు ఏస్తున్నవా?”

“నన్ను నమ్మకు. నీళ్లను నమ్ము.”

ఆజం వంగి ఓ కాయను వేలితో అడుగుకంటా నొక్కాడు. వేలు తీయగానే లేచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది. కూలీలంతా గొల్లుమన్నారు. ఆజం సగంమందిని పంపేసి, ఆటో ఆయనతో “వచ్చే బేస్తారం పొద్దుగాల్నే రా” అన్నాడు.

పద్మజ ఆ వారానికి మాత్రలు తీసి రాధమ్మ చేతిలో పెట్టింది. కిష్టయ్య వాటివైపు చూడనేలేదు. మొదటి వరుస దగ్గర ఎవడో కాయను గుంజి లాగుతున్నాడు.

“తొడిమె ఉంచి తెంపర్రా! సొన కారుతది!”