అరకు రైలు, కిటికీ సీటు, నేను

నేను ఒక ఇనుప డ్రమ్మును. గాజువాకలో పుట్టాను. నా తొలి కాపురం కొబ్బరినూనెతో. ఆ రోజుల్లో నా ఒంటి నిగారింపు చూసి తీరాలి. తరువాత ఒక మేస్త్రీ నన్ను కొని, నిండా నీళ్లు పోయించి ఇటుకలు తడిపించాడు. అతడూ వదిలేశాక ఎర్రరంగు పూయించుకుని, భీమిలి దారిలో ఉన్న ఈ పెయింట్‌బాల్ మైదానానికి చేరాను. ఇక్కడ మనుషులు డబ్బిచ్చి మరీ రంగుగుండ్లతో కొట్టించుకుంటారు. నా వెనక దాక్కుంటారు. దెబ్బలు నాకు, కప్పు వాళ్లకు.

నిరుడు జరిగిన కుటుంబ జట్ల ఫైనల్లో కొత్త పెళ్లికూతురు హిమజ నా వెనక మోకాళ్ల మీద కూర్చుంది. అవతలి జట్టు ఆమె ఆడపడుచు వకుళ, వకుళ భర్త. పందెం చిన్నదేమీ కాదు. హిమజ వాళ్లు ఓడిపోతే, కొత్త దంపతుల అరకు రైలు ప్రయాణానికి వకుళ, ఆమె భర్త కూడా వస్తారు. కిటికీ సీటు వకుళదే.

డ్రమ్ము హిమజకు, కుడివైపు టైర్ల గుట్ట ఆమె భర్త తారకేశ్‌కు అని ముందే పంచుకున్నారు. ఈల మోగిన కాసేపటికే తారకేశ్ పాకుతూ నా వెనక్కి వచ్చేశాడు.

"మీరిక్కడికెందుకొచ్చారు?"

"అక్కడ ఒక్కడినే ఉంటే ఏం తోచలేదు."

"మరి కుడివైపు ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడు. నేను నిన్ను చూస్తుంటా."

పెళ్లయి నెల తిరగనివాళ్లు తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరూ చేయరు. హిమజ విసుక్కుంది గానీ, ముసుగు లోపల నవ్వింది. నన్ను ఆనుకుని ఉంది గనుక నాకు తెలిసింది. ఇక ఒక్క చోటి నుంచే మూడు దిక్కులూ కాయడం మొదలుపెట్టింది. ఎడమకు వంగి ఒక గుండు, నా నెత్తి మీదుగా ఒకటి, కుడికి ఒకటి. ఆమె తల ఎప్పుడు ఎటు తేలుతుందో అంతుపట్టక, వకుళ భర్త ఖాళీగా ఉన్న టైర్ల గుట్ట వైపు పరుగెత్తి, వీపంతా పచ్చరంగు పూయించుకుని బయటికి నడిచాడు.

మిగిలింది వకుళ. ఆమె కుడి చివర, నా పొట్ట అడ్డొచ్చే మూలన నక్కింది. హిమజ ఎంత వంగినా గురి అందడం లేదు.

"నా కోటు గట్టిగా పట్టుకోండి. వదిలారో, అరకులో మీ అక్కతోనే తిరగండి."

తారకేశ్ కొంగుముడి పట్టుకున్నంత భక్తిగా పట్టుకున్నాడు. హిమజ పడిపోతుందేమో అన్నంతగా పక్కకు వాలి పేల్చింది. వకుళ భుజం పచ్చబడింది.

ఆట ముగిసింది. వకుళ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పోన్లేరా. అరకులో బొంగు చికెన్ తినే రాత మాకు లేదు."

తారకేశ్ గుండె కరిగిపోయింది. "బాధపడకక్కా. పోనీ, మీరూ వచ్చేయండి."

హిమజ ముసుగు తీయబోయి ఆగింది. తుపాకీలో గుండ్లు ఇంకా ఉన్నాయి.

"వదినా, మీరు కాస్త పక్కకు జరగండి."

వకుళ ఎంతో సంబరంగా జరిగింది. తారకేశ్ ఒక్క గెంతులో నా వెనక్కి దూరాడు. అడ్డు నిలవడం నా వృత్తే, కాదనను. కానీ నేను ఒక్క వైపుకే అడ్డం. ఆ అమ్మాయికి మూడు వైపులా దారి తెలుసు.