పచ్చరంగు తీసేస్తే

నేను చదివే హిందూపురం కాలేజీలో చూపించే పాట వీడియో కోసం ధర్మవరంలో మా ఇంట్లోనే గోడకు పచ్చబట్ట కట్టి, దాని ముందర అమ్మను నిలబెట్టి తీసినా. ఫోన్లో పచ్చరంగంతా తీసేసి వెనక పెనుకొండ కోట పెట్టాల. అమ్మ చేతులకుండేవి పచ్చగాజులని నాకు తట్టనే లేదు. బట్టతో పాటు గాజులూ మాయమైనాయి.

నాయనను కన్న అవ్వ అది చూసి నెత్తి కొట్టుకునింది. "మొగుడు బతికుండంగానే దీని చేతులు బోడి చేస్తివి కదే."

నాయన తాగొచ్చి అమ్మను గొడ్డును బాదినట్టు బాదినప్పుడు మాత్రం ఈమె నోరు ఏనాడూ పెగల్లేదు.

"ఎర్రగాజులు ఏసుకోమ్మా, మళ్ళా తీస్తా" అన్నా.

అమ్మ ఫోను దగ్గరికి తీసుకుని అందులో గాజుల్లేని తన చేతులు చాలాసేపు చూసుకునింది.

"వద్దులే" అనింది. "ఇట్లే బాగుండాది."