సుంకమ్మ మీది నీళ్ళు

పోతులయ్య తెడ్డు ముంచి, పుట్టిని ఒకసారి గుండ్రంగా తిప్పి, కట్టకు వీపు పెట్టాడు. తారు పూసిన వెదురు పుట్టి అది. ఎంత పూసినా అడుగున చెమ్మ ఊరుతూనే ఉంటుంది. రాత్రి వేసిన వలలు తీయబోయే ముందు ఆయన రోజూ ఒకచోటికి వెళ్ళాలి.

ఎర్రకట్ట చెరువులో ఆ చోటు కనుక్కోవడానికి ఆయనకు గురుతులున్నాయి. దక్షిణాన పెనుకొండ కోట బురుజు, చెరువు నీళ్ళు పొర్లిపోయే మరవ గోడకు సరిగ్గా పైన నిలిస్తే ఒక గీత. తూర్పున ధర్మవరం రోడ్డు పక్క గుట్టమీద ఏనుగులా కనిపించే పెద్ద బండ, ఏనుగుగుండు, పంపుహౌసు తలుపుకు పైకొస్తే ఇంకో గీత. రెండూ కలిసిన చోట, అడుగున, సుంకమ్మ ఉంది.

చెరువు ఎండిన ఏళ్ళలో అది ఆ ఆలుమగల జొన్నచేను. "ఈ చెరువు నిండేది నా కండ్లతో చూస్తే చాలబ్బా" అనేది ఆమె. కలుపు తీస్తుంటే పాము కరిచి, ఆసుపత్రి చేరకముందే ఆటోలో పోయింది. చేన్లోనే పూడ్చి, మీద బండలు పేర్చాడు. మరుసటేడే కాలవ నీళ్ళొచ్చాయి. ఊరంతా కట్టమీద టపాసులు కాల్చింది. పోతులయ్య ఒక్కడే నడుముదాకా దిగి ఏడ్చాడు. ఆ తర్వాత చెరువు ఎండలేదు. చేను మునిగినవాడు చేపలు పట్టడం నేర్చుకున్నాడు. ఆ చోట మాత్రం వల వేయడు. పుట్టి ఆపి, ఒక బీడీ కాల్చి వెళ్తాడు.

ఈరోజు తల తిప్పి చూస్తే గుట్టమీద ఏనుగు లేదు. రోడ్డు కంకర కోసం పేల్చేశారు. గుండున్న చోట రాయి తెల్లగా, కొత్త గాయంలా ఉంది.

బురుజు గీత పట్టుకుని ముందుకీ వెనక్కీ తెడ్డు వేశాడు. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. కట్టకు తిరిగొచ్చి, వలలు ఆరేసే పొడుగాటి కట్టెను ఊడబెరికాడు. చేపలు కొనే పెద్దక్క బుట్టతో ఎదురుచూస్తోంది.

"ఏం పోతులన్నా, ఈపొద్దు చేపల్లేవా?"

"గుండు కొట్టేసినారు పెద్దక్కా. నా పెండ్లాం యాడుండాదో తెలీకుండా పోయె."

ఆమె బుట్ట కిందపెట్టింది. "ఇంత సంగటి తిని పో అన్నా. మొగం నల్లబడిపోయుండాది."

ఆయన అప్పటికే పుట్టి ఎక్కాడు.

మధ్యాహ్నం హిందూపురం నుంచి కూతురు యశోద ఫోన్ చేసింది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో పని ఆమెకు.

"ఆ చెరువు ఇడిసిపెట్టి రా నాయనా. ఈడ నాకాడ ఉందువు."

"మీయమ్మను ఒక్కదాన్ని యాడ ఇడిసొద్దునే?"

"ఆడేముండాది నాయనా, నీళ్ళు తప్ప!" అని ఏడ్చేసింది యశోద.

ఆయన ఫోన్ పెట్టేసి మళ్ళీ కట్టె అందుకున్నాడు. పొద్దుటినుంచీ తన లోపలా అదే మాట తిరుగుతోంది.

కట్టె దించితే బురద. లాగి దించితే మళ్ళీ బురద. గాలి పుట్టిని గీత తప్పిస్తోంది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఎడమ భుజంలో మొదలైన నొప్పి దవడదాకా పాకింది. "ఒక్కతూరి పలకవే" అన్నాడు నీళ్ళలోకి. పొద్దు వాలేవేళ కట్టె కొసకు రాయి తగిలింది. పక్కన ఇంకో రాయి. ఇంకోటి. ఆ చెరువులో రాళ్ళకు కొదవ లేదని ఆయనకూ తెలుసు. అయినా ఒంటి బరువంతా వేసి కట్టెను రాళ్ళ సందులో దిగేశాడు. దానికి పుట్టిని కట్టేసి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

తెల్లారాక కదలని పుట్టిని మొదట చూసింది పెద్దక్క. చేపలవాళ్ళు వెళ్ళి తాడు కోసి, చల్లబడిన మనిషితో సహా పుట్టిని కట్టకు చేర్చారు. కట్టె పెరికి తెస్తామని ఎవరో అన్నారు. కబురంది అప్పుడే బస్సు దిగి వచ్చిన యశోద వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

నీళ్ళ నడుమ ఆ కట్టె, కోసిన తాడు ముక్కతో, సన్నగా అదురుతూ నిలబడి ఉంది.